ఎదుటివారి మనసు – చేతిఫోను పాఠము



పిల్లలకు ఎదుటివారి మనసు గ్రహించుట నేర్పెదమని చెప్పెడి యాప్‌లు చేతిఫోనులలో నిప్పుడు విరివిగా దొరకుచున్నవి. వాని గుణదోషములను నేను గ్రంథములలోఁ జదువుటకంటె ముందు తాండూరులో మా చెల్లెలి యింటఁ గంటిని.

మా వికారాబాదునుండి తాండూరు రైలులో గంటలోపు ప్రయాణము. చెల్లెలి కుమారునకు ఆఱేండ్లు. వానికి ఆటిజ మున్నదని వైద్యులు చెప్పిరి. చక్కగాఁ జదువును, వచ్చిపోవు రైళ్ళ వేళలన్నియు నప్పగించును. గాని యెదుటివారు నోట జెప్పని మాట వానికిఁ దెలియదు. ఎవరో చెప్పఁగా మా చెల్లె లొక యాప్‌ను గొన్నది. తెరమీఁద నొక ముఖము గనఁబడును. క్రింద హ్యాపీ, స్యాడ్, యాంగ్రీ మొదలగు మాటలుండును. సరియైనదానిని దాఁకినచో నక్షత్ర మొకటి వెలుగును, గంట మ్రోగును. మావాఁడు ఇరువదింట పందొమ్మిది చెప్పుచుండెను.

గడచిన మాఘమాసమున నే నక్కడ నుండఁగా పొరుగింటి ముసలమ్మ కాలము చేసెను. ఆమె కూఁతురు గడపలోఁ గూర్చుండి యేడ్చుచుండెను. మావాఁడు తిన్నఁగా నామె యెదుటికిఁ బోయి, ముఖములోనికిఁ జూచి, బిగ్గరగా "స్యాడ్!" అనెను. అని, నక్షత్రముకొఱకు నిలిచి చూచుచుండెను. అచ్చటివారు "జాలిలేని పిల్లఁడు" అని గొణిగికొనిరి. మా చెల్లెలు వానిని లాగికొనివచ్చి మూఁడు దినములు వీధిగుమ్మము దాఁటలేదు.

జాలి లేక కాదు. యాప్ వానికి నేర్పినది ముఖమునకుఁ బేరు పెట్టుట మాత్రమే. ఆ దుఃఖ మేల వచ్చెనో, ఆ సమయమున నామె యెదుట నెట్లు మెలఁగవలెనో యందు లేదు.

1985లో బ్రిటనులో బేరన్-కోహెన్, లెస్లీ, ఫ్రిత్ అను ముగ్గురు పండితు లొక పరీక్ష చేసిరి. సాలీ యను బొమ్మ గోలీని బుట్టలో దాఁచి బయటికిఁ బోవును. ఆన్ అను బొమ్మ దానిని దీసి పెట్టెలో నుంచును. సాలీ తిరిగివచ్చి యెక్కడ వెదకును? ఆటిజమున్న పిల్ల లిరువదిమందిలోఁ బదునాఱుగురు గోలీ నిజముగా నున్న చోటునే చూపిరి. నలుగురు బుట్టను జూపిరి. కావున నట్టి పిల్లలందఱు నొక్కతీరు కారు. నేనును జెల్లెలును రెండు కొయ్యబొమ్మలతో నిదే చేసితిమి. వాఁడు పెట్టెను జూపి, "అక్కడనే ఉన్నది కదా!" అని మా తెలివితక్కువకు వింతపడెను.

వాహనములన్న నిట్టి పిల్లలకుఁ బ్రీతి యని 2006లో కేంబ్రిడ్జివారు బండ్లకు మనుష్యముఖములు తగిలించి బొమ్మల కథలు చేసిరి. మొదటి పరీక్షలో మంచి ఫలము గనఁబడెను. పిదప నితరులు చేసినప్పు డంతగాఁ గనఁబడలేదు.

మన యిండ్లలో నింకొక చిక్కు గలదు. యాప్‌లోని దొర తల ప్రక్కల కూఁపినచో "కాదు" అని యర్థము. మా అత్తగారు తల ప్రక్కలకు వంచి యూఁపినచో "సరే" అని యర్థము. అతిథి "చాలు చాలు" అనుచున్నను మన మింకొక గరిటె వడ్డింతుము. ఇవి యే యాప్ నేర్పును?

అన్నిటికంటె నన్ను గలఁచిన దొకటి చెప్పెదను. అంతకు ముందు దీపావళికిఁ బోయి తిరిగివచ్చునపుడు నేను వాడుకచొప్పున "వెళ్ళివస్తాను" అంటిని. దీపాలవేళ దాఁక వాఁడు గుమ్మమున గూర్చుండి లోనికి రాలేదఁట. మొండివాఁడని రెండు దెబ్బలు గూడఁ బడినవి. వత్తునంటిని గదా, వాఁడు నాకై చూచుచుండెను. వాని మనసును మాలో నొక్కరైనను గ్రహింపలేదు. తానును ఆటిజము గలవాఁడైన డేమియన్ మిల్టన్ 2012లో నిదియే వ్రాసెను: ఈ యెడఁబాటు రెండువైపుల నున్నది.

సికిందరాబాదు మనోవికాసనగరములో 1984లో నెలకొల్పఁబడిన జాతీయసంస్థ యొకటి యున్నది. చెల్లెలు వాని నచ్చటికిఁ గొనిపోయినది. 2016 నాఁటి వికలాంగుల హక్కుల చట్టములో ఆటిజము ప్రత్యేకముగాఁ జేర్పఁబడినది. ధ్రువపత్రము వ్రాయించుకొనుటకు సంకోచింపకుఁడు.

యాప్‌ను బాఱవేయలేదు. అందు బొమ్మ తలపై మేఘము గీసి, లోపల దాని తలంపు చూపుట మంచి యుపాయము. మా వారు దానినే పలకమీఁద గీసి యిచ్చిరి. మన భాషలో "అని" యను చిన్నమాట కలదు. "నీళ్ళున్నవని యనుకొనెను" అన్నచో ననుకొన్న దేదో యా మాట తెలుపును. చెల్లెలి యత్తగారు రాత్రులు మయసభ కథ చెప్పుచు, సుయోధనుఁడు వస్త్ర మెత్తిపట్టుకొన్నచోట నాఁగి, "అక్కడ నీళ్ళున్నవని ఎవరనుకొన్నారురా?" అని యడుగును. "నీళ్ళు లేవు, నేలనే" అని వాఁడు. ఇట్లు పదునైదు రాత్రులు గడచినవి.

మొన్న నేను సాయంకాలపు బండికి బయలుదేఱుచు, "పోతున్నాను. ఇవాళ రాను" అని వానితో స్పష్టముగాఁ జెప్పితిని. వాఁడు వంటయింటిలోనికిఁ బోయెను. నాయనమ్మ బియ్యము కొలుచుచుండెను.

"నాయనమ్మా, పెద్దమ్మ ఉంటదని అనుకుంటున్నవు. ఉండదు" అనెను.

ఆమె చేతిలోని సోలెడు బియ్యము మరలఁ గుండలోఁ బోసెను.