రొమ్ములో గడ్డ: నొప్పి లేదని ఊరుకోవద్దు

గడ్డ బాగా పెరిగాక వచ్చిన స్త్రీని "ఇన్నాళ్లూ ఎందుకు చూపించుకోలేదమ్మా?" అని అడిగితే, తరచు వినిపించే జవాబు "నొప్పి లేదు కదండీ" అని. రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో సాధారణంగా నొప్పి పెట్టదు. రొమ్ములో వచ్చే గడ్డలలో చాలావరకు క్యాన్సర్ కావన్నది నిజమే. కాని ఏది అవునో, ఏది కాదో పరీక్ష చేయకుండా చెప్పలేము.

2022లో మన దేశంలో సుమారు 1,92,000 మందికి ఈ వ్యాధి కొత్తగా వచ్చినట్లు అంచనా. స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో ఇదే మొదటిది. వయసు పైబడటం, చిన్నతనంలోనే రజస్వల కావడం, ముట్లు ఆలస్యంగా ఆగడం, సంతానం లేకపోవడం, మొదటి కాన్పు 30 ఏళ్లు దాటాక రావడం, ముట్లు ఆగాక ఒళ్లు పెరగడం, మద్యం – ఇవన్నీ ప్రమాదాన్ని పెంచుతాయి. బిడ్డకు పాలివ్వడం కొంత రక్షణ. తల్లికో, అక్కచెల్లెళ్లకో వచ్చి ఉంటే మరింత జాగ్రత్త అవసరం. అయితే వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. కనుక "మా ఇంట్లో ఎవరికీ లేదు" అనే ధీమా పనికిరాదు. ఇది అంటువ్యాధి కాదు. రోగి కంచం, గ్లాసు వేరుగా పెట్టడం అర్థం లేని పని.

ఎక్కువ క్యాన్సర్లు పాలనాళాలలో మొదలవుతాయి, కొన్ని పాలు తయారయ్యే గ్రంథులలో. నాళం గోడ దాటకముందే దొరికితే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. చికిత్సను నిర్ణయించడానికి ముక్క పరీక్షలో హార్మోన్ రిసెప్టర్లు, హెర్-2 ఉన్నాయో లేదో కూడా చూస్తారు. ఈ మూడూ లేనిదాన్ని ట్రిపుల్ నెగెటివ్ అంటారు. దానికి హార్మోన్ మాత్రలు పనిచేయవు.

సూది గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న భయంతో కొందరు బయాప్సీకి ఒప్పుకోరు. అది అపోహ. రొమ్ము మొత్తం తీసేస్తారన్న భయం మరొకటి. తొలిదశలో గడ్డవరకే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మంతా తీసినా ఆయుష్షులో తేడా లేదని 20 ఏళ్లపాటు రోగులను గమనించిన పరిశోధనలు 2002లో తేల్చాయి. అవసరాన్నిబట్టి కీమోథెరపీ, హెర్-2 ఉన్నవారికి ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్లు, హార్మోన్ రిసెప్టర్లు ఉన్నవారికి టామోక్సిఫెన్ వంటి మాత్రలు ఇస్తారు. ఈ మాత్రలు కనీసం 5 ఏళ్లు వాడాలి. ఒంట్లో బాగుందని రెండో ఏటనే మానేసేవారున్నారు. డాక్టరు చెప్పకుండా మానకండి.

గడ్డ ఒక్కటే కాదు, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి లాగినా, దానినుండి రక్తం కారినా, చంకలో బిళ్ల తగిలినా వెంటనే చూపించుకోండి. పాత రిపోర్టులు, మందుల చీటీలు ఉంటే వెంట తెచ్చుకోండి. పరీక్ష సమయంలో నర్సు పక్కనే ఉండాలని అడగవచ్చు, మొహమాటపడకండి.