చేతికందని రాక్షసుడు

నగరాన్ని కాపాడటం కాదు, కూల్చడమే ఆటగాడి పని అని 1981లోనే చెప్పిన కంప్యూటర్ గేమ్ ‘క్రష్, క్రంబుల్ అండ్ చాంప్!’. ఊహలో అది తన కాలాన్ని దాటి వెళ్లింది. ఆ ఊహను ఆటగాడి వేళ్ల దాకా చేర్చడంలో తడబడింది. నలభై ఏళ్లు దాటినా ఆ తడబాటు గేములు తయారుచేసేవాళ్లందరికీ పాఠమే.

రాక్షసుడు ఊరి మీద పడతాడు, వీరుడు అడ్డం నిలబడతాడు. ఏకచక్రపురంలో బకాసురుడి కథ నుంచి నిన్నమొన్నటి సినిమాల దాకా మనం వీరుడి పక్షానే ఉండి చూశాం. తొలితరం వీడియో గేములదీ అదే దారి. 1978 నాటి ‘స్పేస్ ఇన్వేడర్స్’లో పైనుంచి దిగివచ్చే శత్రువులను ఆపాలి. 1980 నాటి ‘మిసైల్ కమాండ్’లో క్షిపణుల బారి నుంచి ఆరు నగరాలను కాపాడాలి. 1981లో వచ్చిన ‘డాంకీ కాంగ్’లో మహావానరం శత్రువు, దాని దగ్గరకు ఎగబాకే మనిషి ఆటగాడు. అదే ఏడాది, అమెరికాలో జాన్ ఫ్రీమన్, జిమ్ కానెలీ 1978లో స్థాపించిన ఆటోమేటెడ్ సిమ్యులేషన్స్ అనే చిన్న సంస్థ ‘క్రష్, క్రంబుల్ అండ్ చాంప్!’ను విడుదల చేసి ఈ లెక్కను తలకిందులు చేసింది. ఇందులో ఆటగాడే రాక్షసుడు. పోలీసులు, సైన్యం, హెలికాప్టర్లు అతని మీదికి వస్తాయి. న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో, వాషింగ్టన్, టోక్యో నగరాల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి, దాన్ని నేలమట్టం చేయడం మొదలుపెట్టాలి.

కేవలం పాత్రలను అటూ ఇటూ మార్చి ఊరుకోలేదు ఆ రూపకర్తలు. ఆరుగురు రాక్షసుల్లో ఒక్కొక్కరికి ఒక్కో స్వభావం ఇచ్చారు. గాడ్జిల్లాను గుర్తుచేసే గోషిల్లా నిప్పులు కక్కుతుంది. క్రాకెన్ నీటిని వదిలి రాలేదు కాబట్టి నగరాన్ని రేవుల వైపు నుంచే చూడాలి. మాంత్రా ఎగురుతుంది. అరాక్నిస్ అనే సాలీడు గూడు అల్లుతుంది. అంటే రాక్షసుణ్ని మారిస్తే అదే నగరం కొత్త నగరమవుతుంది. కొన్ని కంప్యూటర్లలో ఆటగాడే తన రాక్షసుణ్ని తయారుచేసుకునే వీలు కూడా ఉంది. అన్నిటికన్నా గొప్ప ఊహ ఆకలి. రాక్షసుడు తింటూ ఉండాలి. ఆకలి హద్దు దాటితే వెర్రెత్తిపోయి ఆటగాడి మాట వినడం మానేస్తాడు. పైగా ఇందులో గెలుపు లేదు. రాక్షసుడు ఎప్పుడో ఒకప్పుడు చావక తప్పదు, ఆలోగా ఎంత విధ్వంసం చేశాడన్నదే లెక్క. రాక్షస సినిమాల్లోని విషాదాన్ని ఇంత సూటిగా పట్టుకున్న ఆట ఆ రోజుల్లో చాలా అరుదు. ఇంత ఆలోచన ఉన్న ఆట ఈనాడు కొద్దిమంది పాత గేముల అభిమానులకే పరిచయం కావడం బాధాకరం. ఆ పరిస్థితికి ఉన్న కారణాల్లో ఆటలోనే ఉన్న కారణం ఒకటి. అది నియంత్రణ, ఆటగాడి చేతికీ తెరమీది రాక్షసుడికీ మధ్య ఉండాల్సిన లంకె. నియంత్రణ ఆటకు తొడిగిన చొక్కా కాదు, ఆట శరీరమే అది. శరీరం సహకరించనప్పుడు ఎంత గొప్ప ఊహైనా బయటి నుంచి చూసి మెచ్చుకునే వస్తువుగా మిగిలిపోతుంది.

అక్షరాల వెనక చిక్కుకున్న చెయ్యి

ఈ ఆటలో రాక్షసుణ్ని నడిపించే పగ్గాలు కీబోర్డు మీది అక్షరాలు. నడవాలంటే ఒక ఆజ్ఞ, మనిషిని పట్టుకోవాలంటే మరొకటి, పట్టుకున్నదాన్ని తినాలంటే ఇంకొకటి, కట్టడాన్ని కూల్చాలంటే వేరొకటి. రాక్షసుణ్ని బట్టి ఆజ్ఞల జాబితా కూడా మారుతుంది. జాబితా పొడుగ్గా ఉండటం దానికదే తప్పు కాదు. కానీ తెరమీద పరిస్థితిని చూడటం, చేయాల్సిన పనిని అనుకోవడం, ఆ పనికి ఏ అక్షరమో గుర్తు తెచ్చుకోవడం, ఆ మీట ఎక్కడుందో వెతికి నొక్కడం, ఇలా ప్రతి అడుగుకూ నాలుగు మెట్లు దిగాల్సి వస్తుంది. ఇంతలో గడియారం ఆగదు. ఆటగాడు తేల్చుకునేలోపే అవకాశం జారిపోతుంది, సైన్యం దగ్గరికి వచ్చేస్తుంది. ఒక్కో ఆజ్ఞనూ మాటలా కూర్చుకొమ్మనే పద్ధతిని, ఆలోచించేందుకు వ్యవధి ఇవ్వని కాలంతో ముడిపెట్టడమే ఇక్కడి అసలు లోపం. 1980 ప్రాంతంలో యూనిక్స్ కంప్యూటర్ల మీద పుట్టిన ‘రోగ్’ కూడా పూర్తిగా అక్షరాలతోనే నడిచే ఆట. కానీ మనం మీట నొక్కేదాకా అందులో ప్రపంచం కదలదు. ఆలోచనకు కావలసినంత సమయం ఉంటుంది కాబట్టి అక్షరాలు అడ్డు కావు. అక్షరాలతో ఆడిస్తే కాలం ఆగాలి, లేదా కాలాన్ని పరుగెత్తిస్తే చెయ్యి సూటిగా పనిచేయాలి. ‘క్రష్, క్రంబుల్ అండ్ చాంప్!’ ఈ రెండింటిలో ఏదీ ఇవ్వలేదు.

దీనివల్ల జరిగిన నష్టం చిరాకుతో ఆగిపోలేదు. ఆటలోని అత్యుత్తమ ఆలోచనకే అది ఎసరు పెట్టింది. ఆకలి ముదిరినప్పుడు రాక్షసుడు మాట వినకపోవడం రూపకర్తలు కోరి పెట్టిన భయం. అప్పటిదాకా చేతిలో ఉన్న బలం చెయ్యి దాటిపోతున్నదని ఆటగాడికి తెలియాలి, గుండె జారాలి. అలా జరగాలంటే అంతకుముందు ఆ బలం నిజంగా అతని చేతిలో ఉండాలి. మామూలు వేళల్లోనే రాక్షసుడు ఆలస్యంగా, తడబడుతూ కదులుతుంటే, వెర్రెత్తిన వేళకూ మామూలు వేళకూ తేడా పలచబడిపోతుంది. ఇది ఆకలి చేసిన పనా, తప్పు మీట నొక్కిన వేలు చేసిన పనా అన్న సందేహం వచ్చిన క్షణంలో భయం పోతుంది, అయోమయం మిగులుతుంది. తోలుబొమ్మలాటలో బొమ్మ చెయ్యి పుల్ల నుంచి ఊడిపోతే, రావణుడు కోపంతో ఊగుతున్నాడో బొమ్మ జారిందో చూసేవాళ్లకు తెలియదు. ఇక్కడా అంతే.

ఆ కాలమే అంతనా?

వెంటనే వచ్చే అభ్యంతరం ఆనాటి యంత్రాల గురించి. టీఆర్‌ఎస్-80 కంప్యూటర్‌కు సొంతంగా జాయ్‌స్టిక్ పోర్టు లేదు. ఆపిల్-2 ప్రాసెసర్ వేగం 1 మెగాహెర్ట్జ్ మాత్రమే. అదే సంస్థ 1979లో తెచ్చిన ‘టెంపుల్ ఆఫ్ అప్షాయ్’ లాంటి ఆటలు నిదానంగా నడిచే బేసిక్ భాషలో రాసినవి. రకరకాల కంప్యూటర్లలో ఒకే ఆటను అమ్మాలనుకున్న చిన్న సంస్థ, అన్నిటిలోనూ ఉండే కీబోర్డును ఎంచుకోవడం అర్థమయ్యే విషయమే. ఈ మాటలో నిజం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. అయితే అర్థమయ్యే కారణం ఉన్నంత మాత్రాన వేరే దారి లేదని కాదు. అటారీ 400, 800 కంప్యూటర్లు 1979లోనే నాలుగేసి జాయ్‌స్టిక్ పోర్టులతో వచ్చాయి. వాటి కోసం డగ్ న్యూబావర్ రాసిన ‘స్టార్ రైడర్స్’ అప్పటికే ఒక చక్కని పరిష్కారం చూపించింది. నౌకను తిప్పడం, కాల్చడం లాంటి క్షణాల్లో జరగాల్సిన పనులను జాయ్‌స్టిక్‌కు అప్పగించి, వేగం మార్చడం, రక్షణ కవచం వేయడం లాంటి అప్పుడప్పుడూ చేసే పనులను కీబోర్డుకు వదిలింది. ఏది వెంటనే జరగాలి, ఏది నిదానంగా జరిగినా ఫర్వాలేదు అని విడదీయడానికి వేగమైన ప్రాసెసర్ అక్కర్లేదు, ఆటగాడి స్థానంలో నిలబడి ఆలోచిస్తే చాలు. జాయ్‌స్టిక్ లేని కంప్యూటర్లలో కూడా గడియారాన్ని ఆపే వీలు ఉండనే ఉంది.

ఇది ఎత్తుగడల ఆట, చేతివేగంతో పనేమిటని అడిగేవాళ్లూ ఉంటారు. ఎత్తుగడ అంటే ఏం చేయాలో తేల్చుకోవడం. ఏ అక్షరం నొక్కాలో గుర్తు తెచ్చుకోవడం ఎత్తుగడ కిందికి రాదు. చదరంగంలో ఏనుగును ఎక్కడ పెట్టాలన్నది ఆలోచన, దాన్ని గడిలో పెట్టడం ఎవరికీ కష్టం కాకూడదు. సాధనతో ఆ మీటలన్నీ అలవాటవుతాయన్న మాట కూడా నిజమే, కానీ అది చాలదు. సాధన వల్ల వేళ్లకు నేర్పు వస్తుంది, ఆ నేర్పు కొత్త ఆనందాలకు తలుపు తీయాలి. ఇక్కడ సాధన చేసినవాడికి దక్కేది మొదటిరోజే దక్కాల్సిన మామూలు కదలిక.

వీటన్నిటి కన్నా బలమైన వాదన మరొకటి ఉంది. కొండంత రాక్షసుడు చురుగ్గా కదిలితే రాక్షసుడిలా ఉంటాడా? బరువు కనిపించాలంటే మందకొడితనం ఉండాల్సిందే కదా? 1954 నాటి ‘గాడ్జిల్లా’లో హరువో నకజిమా సుమారు 100 కిలోల బరువున్న తొడుగు వేసుకుని నటించాడు. స్పెషల్ ఎఫెక్ట్స్ చూసిన ఎయిజీ సుబురయా ఆ దృశ్యాలను ఎక్కువ వేగంతో చిత్రించి, తెరమీద నిదానంగా కనిపించేలా చేశాడు. గాడ్జిల్లా గాంభీర్యం ఆ నిదానం వల్లే వచ్చింది. గేముల్లోనూ ఇందుకు ఉదాహరణలున్నాయి. 2005లో ఫుమితో ఉఎదా రూపొందించిన ‘షాడో ఆఫ్ ది కొలోసస్’లో యువకుడి తడబాటు ఆ మహాకాయాల ముందు మనిషి ఎంత చిన్నవాడో చెబుతుంది. 2008లో బెన్నెట్ ఫాడీ చేసిన ‘క్వాప్’లో పరుగువీరుడి తొడలను, పిక్కలను నాలుగు మీటలతో నడపాలి, ఆ అవస్థే ఆట. ఈ ఉదాహరణలు చెప్పే అసలు సంగతి మాత్రం వేరు. నెమ్మదిగా కదలడం, ఆలస్యంగా స్పందించడం ఒకటి కాదు. మీట నొక్కగానే రాక్షసుడు కాలు ఎత్తడం మొదలుపెట్టి, ఆ కాలు నేలకు దిగడానికి రెండు క్షణాలు పడితే అది బరువు. మీట కోసం వెతుకుతున్నంతసేపు రాక్షసుడు శిలలా నిలబడితే అది బరువు కాదు, ఆటగాడికీ అతని శరీరానికీ మధ్య తెగిన తీగ. పై రెండు ఆటల్లో తడబాటు పాత్రది, పాత్ర గురించి ఏదో చెబుతుంది. ఇక్కడి తడబాటు కీబోర్డుది, రాక్షసుడి గురించి ఏమీ చెప్పదు.

1986 ఇచ్చిన తీర్పు

తర్వాత ఎపిక్స్‌గా పేరు మార్చుకున్న ఆ సంస్థే 1986లో ఇదే ఆలోచనను ‘ది మూవీ మాన్‌స్టర్ గేమ్’గా మళ్లీ తెచ్చింది. ఈసారి అసలు గాడ్జిల్లాను లైసెన్సుతో తెచ్చుకున్నారు. ఆట మొత్తాన్ని సినిమా హాల్లో సినిమా చూస్తున్నట్టు అమర్చారు. బొమ్మలు బాగుపడ్డాయి, నగరం ఏటవాలు కోణంలో అందంగా కనిపించింది. ఆ ఏటవాలు కోణమే జాయ్‌స్టిక్‌కు కొత్త చిక్కు తెస్తుంది, ఎందుకంటే వీధులు మూలలకు సాగుతుంటే పైకి, కిందికి, పక్కలకు కదిలే కర్రకు వాటితో పొత్తు కుదరదు. 1982లోనే ‘క్యూబర్ట్’ ఆర్కేడ్ యంత్రం తయారుచేసినవాళ్లు ఇదే ఇబ్బందిని ఎదుర్కొని, జాయ్‌స్టిక్‌నే 45 డిగ్రీలు తిప్పి బిగించారు. చిన్న మార్పు, కానీ చేతికీ కంటికీ పొత్తు కుదిర్చింది.

అదే 1986లో బ్యాలీ మిడ్‌వే సంస్థ నుంచి బ్రయన్ కాలిన్, జెఫ్ నౌమన్‌ల ‘ర్యాంపేజ్’ ఆర్కేడ్లలోకి వచ్చింది. జార్జ్ అనే వానరం, లిజ్జీ అనే బల్లి, రాల్ఫ్ అనే తోడేలు, ముగ్గురు ఆటగాళ్లకు ముగ్గురు రాక్షసులు. ఒక కర్ర, గుద్దడానికో బటన్, గెంతడానికో బటన్. కర్ర వంచిన వైపు పిడికిలి పడుతుంది, గోడ బద్దలవుతుంది, మేడ కుప్పకూలుతుంది. 128 రోజుల పాటు ఊరి తర్వాత ఊరిని ఇలాగే కూల్చాలి. ఆలోచనలో ఇది 1981 నాటి ఆట కన్నా పేదది, ఆకలి లేదు, ఎత్తుగడలూ తక్కువే. అయినా దానికి కొనసాగింపులు వచ్చాయి, 2018లో డ్వేన్ జాన్సన్‌తో హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది. ఆర్కేడ్ యంత్రానికి ఉన్న ప్రచారబలం ఇంటి కంప్యూటర్ ఆటకు లేదన్నది నిజం. కానీ నియంత్రణే కీలకమని ‘ర్యాంపేజ్’ ఇళ్లలోకి వచ్చినప్పటి అనుభవం కూడా చెబుతుంది. అటారీ 2600 జాయ్‌స్టిక్‌కు ఉన్నది ఒకే బటన్. గుద్దుకూ గెంతుకూ విడివిడి బటన్లు ఇచ్చే వీలు లేనిచోట, అదే ఆలోచన, అవే రాక్షసులు ఉన్నా ఆట పదును తగ్గక తప్పదు.

ఇదంతా పాత ఆటను చిన్నబుచ్చడానికి కాదు. పాతదన్న జాలితో లోపాన్ని దాచిపెడితే ఆ రూపకర్తలను పిల్లల్లా చూసినట్టవుతుంది. వాళ్లు పెద్ద ఊహ ఉన్న కళాకారులు, వాళ్ల పనిని నిండుగా విమర్శించడమే వాళ్లకిచ్చే గౌరవం. ఈ విమర్శ మనకూ అవసరం. తెలుగు పిల్లలు ఇవాళ ఎక్కువగా ఆడేది ఫోన్ అద్దం మీద. అక్కడ బటన్ ఎక్కడుందో వేలికి తగలదు, బొటనవేలే సగం తెరను కప్పేస్తుంది. హైదరాబాద్‌లోనైనా మరెక్కడైనా కొత్త ఆట తలపెట్టే యువకులు కథ, బొమ్మలు, సంగీతం మీద పెట్టినంత శ్రద్ధ, ఆ వేలు తెరను తాకిన తర్వాతి క్షణం మీద కూడా పెట్టాలి. బొమ్మలు సిద్ధం కాకముందే, చదరపు గడిని కదిలించి చూసైనా, ఆ కదలికలో ఆనందం ఉందో లేదో తేల్చుకోవాలి. ‘క్రష్, క్రంబుల్ అండ్ చాంప్!’కు ఊహ కొరత లేదు, ధైర్యం కొరత అంతకన్నా లేదు. ఆ ఊహకు తగిన చెయ్యి దొరికి ఉంటే, రాక్షసుడి ఆటలకు మొదటి పాఠ్యపుస్తకంగా దాన్నే చదువుకునేవాళ్లం.