ఓట్స్ డబ్బా తాత కాదు అమ్మమ్మా, ఈయన వేరే!

ఆఫీసు పని మీద న్యూజెర్సీ వెళ్ళినప్పుడు ఓ శనివారం పక్కనే ఉన్న ఫిలడెల్ఫియా చూద్దామని బయల్దేరా. సిటీ హాల్ ఎదురుగా నిలబడి అమ్మమ్మకి వీడియో కాల్ చేసి, పైన టవర్ మీదున్న విగ్రహాన్ని చూపించా.

"ఒరే, ఈయన ఓట్స్ డబ్బా మీద తాత కదూ?" అంది.

నవ్వొచ్చింది. డబ్బా మీద బొమ్మ ఏ నిజమైన మనిషిదీ కాదని ఆ కంపెనీ చెబుతుంది. కానీ వేషం మాత్రం ఈయన మతం వాళ్ళదే. వాళ్ళని క్వేకర్లంటారు. 37 అడుగుల ఆ విగ్రహం విలియం పెన్‌ది. పెన్సిల్వేనియా అన్న పేరులో 'పెన్' వీళ్ళింటిదే. "అంత పైన కూచోబెట్టారు, ఏం చేశాడేం?" అనడిగింది అమ్మమ్మ. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి రెండింటిదాకా చదువుతూ కూర్చున్నా.

పెన్ 1644లో లండన్‌లో పుట్టాడు. నాన్న నౌకాదళంలో అడ్మిరల్. ఆక్స్‌ఫర్డ్‌లో చేర్పిస్తే, అక్కడి చర్చి పద్ధతులకు ఎదురు తిరిగి బయటికి పంపించేలా చేసుకున్నాడు. 1667లో క్వేకర్లలో కలిసిపోయాడు. వీళ్ళ ప్రార్థనలో పూజారి ఉండడు. అందరూ మౌనంగా కూర్చుంటారు, ఎవరికి లోపల్నుంచి మాట వస్తే వాళ్ళు లేచి మాట్లాడతారు. ఒట్టు వెయ్యరు, యుద్ధం చెయ్యరు, ఎంత గొప్పవాడి ముందైనా టోపీ తియ్యరు. అప్పటి ఇంగ్లిష్‌లో కూడా మనలాగే 'నువ్వు', 'మీరు' విడివిడిగా ఉండేవి. వీళ్ళు అందర్నీ 'నువ్వు' అనే పిలిచేవాళ్ళు. మా మేనేజర్‌ని అలా పిలవమంటే నాకే ధైర్యం చాలదు!

నాకు బాగా నచ్చిన ఘట్టం 1670 నాటిది. క్వేకర్ల ప్రార్థనా మందిరానికి సైనికులు అడ్డుపడితే పెన్ లండన్ వీధిలోనే నిలబడి బోధించాడు. అల్లరి మూకని పోగేశాడని కేసు. కోర్టులోకి వచ్చేటప్పటికి అతని తల మీద టోపీ లేదు. దాన్ని మళ్ళీ పెట్టించి, కోర్టులో టోపీ తియ్యనందుకు జరిమానా వేశారు. ఇలాంటి పనులు సినిమాల్లోనే చేస్తారనుకున్నా. 12 మంది జ్యూరీ, వీధిలో మాట్లాడాడు అన్నంతవరకే ఒప్పుకున్నారు. నేరం అనలేదు. జడ్జీలు వాళ్ళని తిండీ నీళ్ళూ లేకుండా రెండు రాత్రులు బంధించారు. చివరికి ఆ 12 మందీ "నిర్దోషి" అనే తేల్చారు. దాంతో వాళ్ళకీ జరిమానా, కట్టనంటే జైలు. వాళ్ళలో ఎడ్వర్డ్ బుషెల్ అనే ఆయన పై కోర్టుకెళ్ళి గెలిచాడు. తీర్పు నచ్చలేదని జ్యూరీని శిక్షించకూడదన్న సూత్రం అక్కణ్ణుంచే గట్టిపడింది.

ఇక అమెరికా సంగతి. రాజు రెండో చార్లెస్ పెన్ వాళ్ళ నాన్నకి 16,000 పౌండ్లు బాకీ. డబ్బుకి బదులు 1681లో సముద్రం అవతల ఓ పెద్ద భూభాగం రాసిచ్చాడు. పెన్ 'సిల్వేనియా' అన్నాడు, అంటే అడవుల నేల. రాజు అడ్మిరల్ గౌరవార్థం ముందు 'పెన్' తగిలించాడు. నా పేరే పెట్టుకున్నాననుకుంటారని పెన్ వద్దన్నా వినలేదు.

అప్పటికి బోస్టన్‌లో నలుగురు క్వేకర్లని ఉరితీసి ఇరవై ఏళ్ళయింది. ఉరితీసినవాళ్ళు కూడా తమ మతం తాము పాటించుకోవాలనే ఇంగ్లండ్ వదిలొచ్చినవాళ్ళు. జైలు చూసినవాడి చేతికి అధికారం వస్తే ఏమవుతుందనేదే ఇక్కడ అసలు ప్రశ్న. 1682లో పెన్ కాలనీ చట్టం ఇలా వచ్చింది: దేవుడొక్కడున్నాడని నమ్మి బుద్ధిగా బతికే ఎవర్నీ మతం పేరుతో వేధించకూడదు, ఏ చర్చికీ బలవంతంగా పంపకూడదు. పదవులు మాత్రం క్రైస్తవులకే. కాబట్టి మరీ ఆకాశానికెత్తక్కర్లేదు. పైగా రోడ్ ఐలాండ్‌లో రోజర్ విలియమ్స్ ఇలాంటి పని అంతకుముందే మొదలుపెట్టాడు. ముక్కోటి దేవతల మా అమ్మమ్మకి ఆ చట్టంలో చోటు అనుమానమే. ఇప్పుడదే రాష్ట్రంలో, పిట్స్‌బర్గ్ పక్కన పెన్ హిల్స్‌లో మన వెంకన్న గుడి ఉంది.

పెన్ తెలివి 1701 నాటి చార్టర్‌లో కనిపిస్తుంది. గవర్నరూ, అసెంబ్లీలో ఏడింట ఆరు వంతుల మందీ ఒప్పుకుంటే ఏ సెక్షనైనా మార్చొచ్చు. మత స్వేచ్ఛ గురించిన మొదటిది తప్ప. దాన్ని తానూ, తన వారసులూ ఎప్పటికీ ముట్టకూడదని రాశాడు. మా భాషలో చెప్పాలంటే రీడ్-ఓన్లీ. అడ్మిన్‌కి కూడా ఎడిట్ యాక్సెస్ లేదు. 1734లో ఫిలడెల్ఫియాలో కేథలిక్కుల సెయింట్ జోసెఫ్ చర్చి మీద గవర్నర్ అభ్యంతరం పెట్టాడు. ఇంగ్లండ్ చట్టాలు అలాంటి ప్రార్థనని ఒప్పుకోవు మరి. కేథలిక్కులు ఆ చార్టర్ చూపించారు. చర్చి మూతపడలేదు. పెన్ పోయి అప్పటికి 16 ఏళ్ళు.

మరి ఆ చార్టర్‌లో లేనివాళ్ళ సంగతి? పెన్ ఇంట్లోనే బానిసలుండేవాళ్ళు. ఫిలడెల్ఫియా పక్కనే జర్మన్‌టౌన్‌లో 1688లోనే నలుగురు ఇది తప్పని రాసి ఇస్తే, క్వేకర్ పెద్దలు ఒకరి మీద ఒకరు తోసుకుంటూ పక్కన పెట్టేశారు. ఇది చదివాక విగ్రహం ఫొటోని స్టేటస్‌లో పెట్టాలనిపించలేదు.

అక్కడి మూలవాసులు లెనాపేలు. రాజు రాసిచ్చినా సరే, పెన్ వాళ్ళ దగ్గర మళ్ళీ డబ్బిచ్చి భూమి కొన్నాడు, స్నేహంగా మెలిగాడు. కానీ ఆ మంచితనం ఆయనతోనే పోయింది. 1737లో కొడుకు థామస్ మనుషులు ఓ పాత దస్తావేజు తీశారు. మనిషి ఒకటిన్నర రోజు నడిచినంత భూమి మాది అని అందులో ఉందన్నారు. ముందే దారి నరికించి, గట్టి నడకగాళ్ళు ముగ్గుర్ని కూలికి పెట్టారు. ఇద్దరు మధ్యలోనే ఆగిపోయారు. మూడోవాడు 60 మైళ్ళు దాటాడు. సుమారు 1,200 చదరపు మైళ్ళు పోయాయి. మొరపెట్టుకోవాల్సింది ఆ పెన్ కుటుంబానికే!

మర్నాడు ఇదంతా అమ్మమ్మకి చెప్పా. అంతా విని, "ఆ నడిచిన భూమి తిరిగిచ్చారా?" అంది.

లేదు. లెనాపేల వారసులు ఇప్పుడు ఓక్లహోమా, విస్కాన్సిన్, కెనడాల్లో ఉన్నారు. ఓక్లహోమా వాళ్ళు 2004లో అందులో 315 ఎకరాల దాకా ముక్క కోసం పెన్సిల్వేనియాలో కేసు వేశారు. 2006లో అప్పీలు కోర్టు కూడా కొట్టేసింది. మోసం జరిగిందనుకున్నా, ఆనాడు ప్రభుత్వం పెన్ కుటుంబమే కాబట్టి హక్కు పోయినట్టేనంది.

అమ్మమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అన్నం తిన్నావా?" అంది.