పాత చట్టం ఎవరి బీరువాలో ఉంది?

తూర్పు గోదావరి జిల్లాలో ఒక పంపకాల దావా నడుస్తోందనుకుందాం. తాతల నాటి పొలం. కూతురు వాటా అడుగుతోంది. ఆమెకు 1988లో పెళ్లయింది. 1990లోనే మాలో మేం పంచేసుకున్నాం, ఇప్పుడు ఇచ్చేదేమీ లేదంటున్నారు అన్నదమ్ములు.

ఈ దావా నడిపే న్యాయవాది ముందు మూడు పాఠాలు ఉండాలి. మొదటిది 1956 హిందూ వారసత్వ చట్టం తొలి రూపం. రెండోది ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో చేసిన సవరణ చట్టం. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా దాన్ని తెచ్చారు. ఆనాటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. మూడోది పార్లమెంటు 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి తెచ్చిన సవరణ. పెళ్లయిందా లేదా అన్న తేడాను అది తీసేసింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందు సక్రమంగా జరిగిపోయిన పంపకాల జోలికి అది వెళ్లదు.

మన ఉదాహరణలో కూతురికి అక్కరకొచ్చేది రెండో పాఠమే. 1985 నాటికి ఆమె పెళ్లికాని పిల్ల. కాబట్టి తనను వదిలేసి 1990లో చేసుకున్న పంపకాన్ని ప్రశ్నించడానికి ఆమెకు ఆధారం ఆ రాష్ట్ర సవరణ. కేంద్ర చట్టం మారిపోయాక ఈ సవరణ మరుగున పడింది. ఇవాళ కొన్న బేర్ యాక్ట్ (వ్యాఖ్య లేకుండా చట్టపాఠం మాత్రమే అచ్చువేసిన చిన్న పుస్తకం) తిరగేస్తే అది కనిపించకపోవచ్చు. అప్పటి రాష్ట్ర గెజిట్ కానీ, ఆనాటి లా జర్నళ్లలో చట్టాలు అచ్చువేసిన భాగం కానీ చూడాలి. అవి ఎవరి దగ్గర ఉన్నాయి?

న్యాయ గ్రంథాలయాల సహకారం గురించిన చర్చంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మిగతా శాస్త్రాల్లో కొత్త ముద్రణ వస్తే పాతది చాలావరకు అటకెక్కుతుంది. న్యాయంలో అలా కుదరదు. హక్కు ఏ రోజున పుట్టిందో ఆ రోజు నాటి చట్టమే చూస్తారు. నేరాల విషయంలో ఇది రాజ్యాంగమే ఇచ్చిన హామీ. చేసిన రోజున అమల్లో ఉన్న చట్టం ప్రకారం నేరమైతేనే శిక్ష, అదీ ఆనాటి చట్టం చెప్పినంతే అంటుంది 20వ అధికరణంలోని మొదటి క్లాజు. అందువల్ల రద్దయిన చట్టానికి కూడా న్యాయ గ్రంథాలయంలో బీరువా కావాలి.

ఇంత సామగ్రిని ఒక్క గ్రంథాలయం దాచలేదు. తెలుగు ప్రాంతాల చరిత్ర చూస్తే ఎందుకో తెలుస్తుంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. అక్కడి ఎస్టేటు భూముల తగాదాకు 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం కావాలి. గుంటూరులో ఆంధ్ర హైకోర్టు 1954 జులై 5న మొదలైంది. అంతకు ముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులకు తానూ కట్టుబడాలని ఆ హైకోర్టు పూర్తి ధర్మాసనం తొలి రోజుల్లోనే తేల్చింది. కాబట్టి 1891లో మొదలైన మద్రాస్ లా జర్నల్ పాత వాల్యూమ్‌లు ఇప్పటికీ అక్కరకు వస్తాయి. తెలంగాణ కథ వేరు. అక్కడ రక్షిత కౌలుదారు వారసులు భూమి అడిగితే 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం తీయాలి. ఇంకా వెనక్కి వెళితే నిజాం ఫర్మానాలు, ఉర్దూలో అచ్చయిన జరీదా (ఆనాటి ప్రభుత్వ గెజిట్) వస్తాయి. 1956 నుంచి 2014 దాకా అందరిదీ ఒకే శాసనసభ. ఆ కాలపు చట్టాలు విభజన తర్వాత కూడా, మార్చేవరకూ రెండు రాష్ట్రాల్లో కొనసాగుతాయని పునర్విభజన చట్టమే చెప్పింది. హైకోర్టు మాత్రం 2019 జనవరి 1న రెండైంది. కోర్టును విడదీయడానికి ఒక తేదీ సరిపోయింది. 58 ఏళ్ల ఉమ్మడి చట్టసామగ్రిని అలా విడదీయలేం. రెండు చోట్లా అది మొత్తంగా కావాలి.

పంచుకోవడం అంటే పుస్తకం ఒకరి నుంచి ఒకరికి ఇవ్వడమే అని అనుకుంటాం. అది చివరి మెట్టు. మొదటి మెట్టు యూనియన్ కేటలాగ్ (ఏ గ్రంథాలయంలో ఏముందో ఒకే చోట చెప్పే ఉమ్మడి జాబితా). కథల పుస్తకాలకు ఈ జాబితా రాయడం తేలిక. పుస్తకం ఉందా, లేదా, అంతే. లా జర్నళ్లతో అది కుదరదు. ఒక జర్నల్ ‘ఉంది’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఉంది, మధ్యలో ఏ వాల్యూమ్‌లు పోయాయి, ఉన్నవాటిలో సూచిక పేజీలు ఉన్నాయా అని రాయాలి. ఏ పాత బార్ అసోసియేషన్ లైబ్రరీలోనైనా బీరువా తెరిచి చూడండి. క్యాలికో బైండింగ్ వీపు మీద బంగారు అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి. 1961 రెండో వాల్యూమ్ తీసుకెళ్లినవాళ్లు దాన్ని 1967 పక్కన పెట్టి వెళ్లి ఉంటారు. ఎక్కువమంది తిప్పిన పేజీలే ముందుగా ఊడిపోతాయి. ఆ వాల్యూమ్‌ను చేత్తో పట్టుకుని, విప్పి చూసి, పేజీలు లెక్కపెట్టి రాస్తేనే ఆ జాబితాను నమ్మొచ్చు. ఈ పనికి కంప్యూటర్ కన్నా ఓపిక ఉన్న మనిషి ముఖ్యం. చాలా ప్రయత్నాలు ఇక్కడే ఆగిపోతాయని నా అభిప్రాయం. యంత్రాలకు డబ్బు దొరుకుతుంది. జాబితా రాసే మనిషి జీతానికి దొరకదు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఒకే తీర్పుకు చాలా చిరునామాలు ఉంటాయి. 1973 నాటి కేశవానంద భారతి తీర్పు ఆలిండియా రిపోర్టర్‌లో సుప్రీంకోర్టు భాగం 1461వ పేజీలో ఉంది. సుప్రీంకోర్టు కేసెస్‌లో ఆ ఏడాది 4వ వాల్యూమ్ 225వ పేజీలో ఉంది. ఏ జర్నల్ కొన్నవాళ్లకు ఆ సైటేషన్ (తీర్పు దొరికే చోటును చెప్పే గుర్తు) తెలుస్తుంది. ఇలాంటి ఇబ్బంది తీర్చడానికే 2023లో సుప్రీంకోర్టు ఏ ప్రచురణకర్తకూ చెందని ఉమ్మడి సైటేషన్ తెచ్చింది. రెండు గ్రంథాలయాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే ఇలాంటి ఉమ్మడి గుర్తు తప్పనిసరి.

జాబితా కుదిరాక రెండో మెట్టు పేజీలు పంపడం. న్యాయవాదికి వాదన రేపు ఉదయం. వాల్యూమ్ మొత్తం పార్సిల్‌లో వచ్చేదాకా ఆగలేరు. కావలసిన పన్నెండు పేజీలు స్కాన్ చేసి పంపితే చాలు. దీనికి కాపీరైటు చట్టం అడ్డు వస్తుందని చాలామంది భయపడతారు. 1957 కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ చదివితే ఆ భయం చాలావరకు పోతుంది. కోర్టు నిషేధిస్తే తప్ప తీర్పుల పాఠాన్ని ఎవరైనా తిరిగి అచ్చువేయొచ్చు. కోర్టు వ్యవహారం కోసం ఏ రచననైనా కాపీ తీసుకోవచ్చు. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం, దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి తన అవసరం కోసం మూడు ప్రతుల వరకు తీయించుకోవచ్చు. తన దగ్గరున్న కాగితపు ప్రతిని భద్రపరచడానికి డిజిటల్ రూపంలో దాచుకోవచ్చు.

హద్దు కూడా తెలుసుకోవాలి. ఈస్టర్న్ బుక్ కంపెనీ, డి.బి. మోదక్‌ల మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో ఆ హద్దు గీసింది. తీర్పు అసలు పాఠం అందరిదీ. ప్రచురణకర్త తన తెలివి ఖర్చుపెట్టి పేరాలు విడదీసి నంబర్లు వేయడం, ఏ న్యాయమూర్తి ఎవరితో ఏకీభవించారో గుర్తించి రాయడం లాంటివి ప్రచురణకర్తవి. హెడ్‌నోటు (తీర్పు పైన సంపాదకులు రాసే సారాంశం) కూడా అంతే. అంటే తీర్పును స్కాన్ చేసి అందరికీ పెట్టే పథకం ఏదైనా ఈ చేర్పులను పక్కకు తీయాలి.

అసలైన అడ్డంకి కాపీరైటు కన్నా లైసెన్సు. కొన్న పుస్తకం సొంత ఇల్లు లాంటిది, డేటాబేస్ అద్దె ఇల్లు. సొంత ఇంట్లో బంధువును ఉంచుకోవచ్చు. అద్దె ఇంటి ఒప్పందంలో ఎవరు ఉండాలో, ఎన్నాళ్లు ఉండాలో రాసి ఉంటుంది. విశ్వవిద్యాలయం చందా కట్టిన డేటాబేస్‌ను ఆ ఊరి బార్ లైబ్రరీకి వాడుకోవడానికి ఇవ్వడం సాధారణంగా ఒప్పందానికి విరుద్ధం. చందా ఆపేస్తే పాత సంవత్సరాల సామగ్రి కూడా చాలాసార్లు చేజారుతుంది. కాబట్టి కాగితం నుంచి తెరకు మారినకొద్దీ ఒక్కొక్క గ్రంథాలయంలో చదవగలిగింది పెరుగుతోంది, ఇంకొకరికి ఇవ్వగలిగింది తగ్గుతోంది. ఈ మార్పును మన గ్రంథాలయాలు ఇంకా సరిగా లెక్కలోకి తీసుకోలేదు. చందా కట్టే ముందే కలిసి బేరమాడితే ఒప్పందంలో కొన్ని షరతులైనా రాయించుకోవచ్చు. దీన్నే కన్సార్షియం (కలిసి కొనే సంస్థల కూటమి) అంటారు. ‘ఒక దేశం, ఒక చందా’ పథకం ఇలాంటిదే. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, దాదాపు 13,000 పరిశోధన పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు, పరిశోధన సంస్థలకు తెరిచారు. అది మంచి అడుగు. కానీ జిల్లా కోర్టు ఆవరణలోని బార్ లైబ్రరీ విద్యాసంస్థ కాదు. అది ఈ పథకం బయటే ఉంది.

ఇప్పుడే ఈ మాట ఎందుకు? తీర్పులు ఉచితంగా దొరకడం మొదలైంది కాబట్టి. సుప్రీంకోర్టు 2023 జనవరిలో ఇ-ఎస్‌సీఆర్ పేరుతో సుమారు 34,000 తీర్పులను అందరికీ తెరిచింది. ఇది నిజంగా గొప్ప మేలు. మారుమూల మున్సిఫ్ కోర్టులో వాదించే జూనియర్‌కు కూడా ఫోన్‌లో తీర్పు దొరుకుతోంది. దాంతో పాటు, ఇక బీరువాలు ఎందుకు అన్న ఆలోచన కూడా వచ్చింది. 2024 జులై 1న భారతీయ న్యాయ సంహిత, దాని తోడి చట్టాలు రెండూ అమల్లోకి వచ్చాక ఈ ఆలోచన బలపడింది. హత్య 302 నుంచి 103కు మారింది, మోసం 420 నుంచి 318కి మారింది, పాత వ్యాఖ్యాన గ్రంథాలు తీసేసి చోటు చేద్దాం అనిపిస్తుంది. కానీ 2024 జూన్ 30న జరిగిన హత్యకు నేటికీ 302వ సెక్షనే. ఆ కేసు విచారణ, అప్పీలు ముగిసేసరికి ఎన్నేళ్లయినా పట్టొచ్చు. కేంద్ర గెజిట్ అచ్చు ఆగి ఎలక్ట్రానిక్ రూపానికి మారింది 2015 అక్టోబరులో. అంతకు ముందువి కాగితాలుగా పుట్టినవే. రాష్ట్ర చట్టాలు, నిబంధనలు, జీవోల పాత రూపాల్లో ఎన్నో కాగితం మీదే ఉన్నాయి.

ప్రమాదం జరిగే తీరు ఇది. ప్రతి గ్రంథాలయమూ చోటు లేక పాతవి తీసేస్తుంది. ఇవి పక్క గ్రంథాలయంలో ఉంటాయిలే అనుకుంటుంది. పక్కవాళ్లూ అదే అనుకుంటారు. ఉమ్మడి జాబితా లేదు కాబట్టి ఎవరూ సరిచూసుకోరు. ఒక ప్రాంతంలోని చివరి ప్రతి ఎవరికీ తెలియకుండానే తూకానికి వెళ్లిపోతుంది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. విడివిడిగా చూస్తే ప్రతి నిర్ణయమూ సబబుగానే ఉంటుంది. నష్టపోయేది మాత్రం మన ఉదాహరణలోని కూతురి లాంటి కక్షిదారు. ఆమె వకీలుకు ఖరీదైన డేటాబేస్ చందాలు ఉండవు, హైదరాబాద్‌లో వెతికిపెట్టే జూనియర్లూ ఉండరు.

దీన్ని ఎదుర్కొన్నవాళ్లు ఉన్నారు. అమెరికాలో 1976లో న్యాయ గ్రంథాలయాలు కలిసి హవాయిలో ఎల్‌ఎల్‌ఎంసీ అనే లాభాపేక్ష లేని సహకార సంస్థను పెట్టుకున్నాయి. సభ్యులు తమ పుస్తకాలు ఇస్తారు. వాటిని మొదట్లో మైక్రోఫిషె (పేజీలను చిన్న చిన్న బొమ్మలుగా ఎక్కించిన ఫిల్ము పలక) మీదికి, తర్వాత డిజిటల్ రూపంలోకి మార్చారు. కాగితపు ప్రతులను తేమ తగలని కాన్సాస్ ఉప్పుగనిలో దాచారు. నకలు అందరికీ, అసలు ఒక చోట భద్రం. హార్వర్డ్ న్యాయ గ్రంథాలయం ఇంకో దారిలో వెళ్లింది. దాదాపు 40,000 వాల్యూమ్‌ల వీపులు కోసి, పేజీలు స్కాన్ చేసి, 67 లక్షల తీర్పులను తయారుచేసింది. ఖర్చు భరించిన సంస్థతో ఉన్న ఒప్పందపు షరతులు 2024లో తీరాక వాటిని పూర్తిగా అందరికీ వదిలింది. కాపీరైటు మిగిలి ఉన్న హెడ్‌నోట్లను మాత్రం బయటపెట్టలేదు. నాకు ఎక్కువ నచ్చింది మొదటి పద్ధతి. మనకు హార్వర్డ్ అంత నిండు సేకరణ ఒక్క చోట లేదు. కలిపితేనే నిండుతుంది.

రెండు తెలుగు రాష్ట్రాలకు కావలసిన సంస్థలు ఇప్పటికే ఉన్నాయి. హైదరాబాద్‌లో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం, రెండు హైకోర్టుల గ్రంథాలయాలు, జిల్లా బార్ లైబ్రరీలు ఉన్నాయి. నిజాం కాలపు కాగితాలకు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. 1988లో ఢిల్లీలో మొదలైన డెల్‌నెట్ లాంటి గ్రంథాలయాల జాలంలో ఉమ్మడి జాబితా, పుస్తకాల ఇచ్చిపుచ్చుకోలు ఎలా నడుస్తాయో చూసి నేర్చుకోవచ్చు. కావలసింది ఒక రాతపూర్వక ఒప్పందం. ఏ సంస్థ ఏ కాలపు ఏ సామగ్రిని పారేయకుండా ఉంచుతుందో అందులో పేరు పెట్టి రాయాలి. అడిగిన పేజీలు ఎన్ని పనిరోజుల్లో పంపాలో రాయాలి. పోస్టు ఖర్చు, స్కానింగు మనిషి జీతం ఎవరు భరిస్తారో రాయాలి. తీసేయాలనుకున్న పుస్తకాల జాబితాను ముందుగా మిగతావాళ్లకు పంపి, ఎవరూ అక్కర్లేదన్నాకే తీసేయాలన్న నియమం పెట్టాలి. ఈ చివరి నియమానికి ఖర్చేమీ లేదు. రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు.

అన్నీ ఒకేసారి తలకెత్తుకోనక్కర్లేదు. ముందుగా 1956 నుంచి 2014 వరకు వచ్చిన రాష్ట్ర చట్టాలు, వాటి సవరణలు, వాటి కింద వచ్చిన నిబంధనలు తీసుకోవచ్చు. తీర్పులతో పోలిస్తే ఇది చిన్న కుప్ప. కాపీరైటు తగాదా తక్కువ. రెండు రాష్ట్రాలకూ సమానంగా అవసరం. ప్రతి పాఠం పక్కన అది అమల్లోకి వచ్చిన తేదీ, మారిన తేదీ, అసలు కాగితం ఉన్న గ్రంథాలయం పేరు రాసిపెడితే, 1985 సెప్టెంబరు 5న చట్టం ఏమందో కాకినాడలో ఉన్న వకీలు ఆ సాయంత్రమే చూసుకోగలరు.