గిర్రున తిప్పితే సరా?

కారు వెనక్కి దూసుకుపోతూ, ఉన్నట్టుండి గిరుక్కున తిరిగి, అదే ఊపులో ముందుకు పరుగెడుతుంది. హాల్లో ఈలలే ఈలలు! ఈ విద్యకి 'రాక్‌ఫర్డ్ టర్న్' అని పేరొచ్చింది 1974-80 నాటి అమెరికన్ టీవీ సీరియల్ 'రాక్‌ఫర్డ్ ఫైల్స్' వల్లే. హీరో జేమ్స్ గార్నర్ కారు చాలావరకు తనే నడిపేవాడు. 'గ్రాండ్ ప్రి' (1966) కోసం రేసర్ బాబ్ బాండ్యురంట్ దగ్గర నేర్చుకున్నవాడాయె!

స్టార్లకీ, నాయకులకీ రక్షణ డ్రైవర్లు కావాలని ఉబలాటపడే కుర్రాళ్లు నాకు చూపించే కరపత్రాల నిండా ఈ ఫీటే. నాకు మాత్రం రోమ్ గుర్తొస్తుంది. 1978 మార్చి 16న ఆల్డో మోరో కారుకి ముందు ఇంకో కారు అడ్డం పెట్టారు. వెనక సొంత కాపలా కారే! ఇక తిరగడానికి చోటేదీ? ఐదుగురు అంగరక్షకులూ చచ్చిపోయారు, ఆయన్ని ఎత్తుకుపోయారు. 1997 ఆగస్టు 31న పారిస్‌లో డయానా కారు నడిపింది హోటల్ భద్రతా విభాగం మనిషే. కానీ తాగి ఉన్నాడు, వృత్తిరీత్యా డ్రైవరూ కాదు.

అందుకే ఫీజు కట్టేముందు అడగండి. మనిషికి స్టీరింగు మీద ఎన్ని గంటలు? కారుకి ఆరుగురైతే రోజంతా చెట్టుకింద నిలబడటమే. రేపు నడపబోయే బరువైన బండి మీదే నేర్పుతారా? దాని బ్రేకు సంగతి వేరు. రోజూ ఒకే దారిన పోకుండా ప్లాన్ చేయడం, వెంటపడేవాణ్ణి ముందే పసిగట్టడం చెబుతారా? ఇంతవరకూ ఎవరైనా ఫెయిలయ్యారా? "మా దగ్గర అందరూ పాసే" అంటే, నమస్కారం పెట్టి వచ్చేయండి.