మెరిసే నేలతో ముప్పు.. స్నానాల గదికి గరుకు పలకే మేలు

కొత్తగా ఇల్లు కట్టుకునేవారు హాలు గచ్చుకు, వంటగది గట్టుకు ఇచ్చే ప్రాధాన్యం స్నానాల గది నేలకు ఇవ్వడం లేదు. దుకాణంలో దీపాల వెలుగులో మెరిసిన పలకను చూసి ముచ్చటపడి తెచ్చుకుంటున్నారు. గృహప్రవేశం అయ్యాక ఆ మెరుపే ముప్పుగా మారుతోంది. సబ్బునీరు పడిన నున్నని నేలపై వృద్ధులు కాలు జారితే తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స దాకా వెళ్లాల్సి వస్తుంది. ఆ తర్వాత మునుపటిలా నడవడం అందరికీ సాధ్యం కాదు.

ఒకప్పుడు స్నానం పెరట్లోనే. పరిచిన గరుకు నాపరాళ్లు కాలికి పట్టునిచ్చేవి, నీరు అరటి మొక్కల్లోకి పోయేది. ఇప్పుడు స్నానాల గది పడకగదిని ఆనుకుని, చాలాచోట్ల మేడ మీదికీ చేరింది. దీంతో కాలు జారకుండా చూడటమే కాక, నీరు శ్లాబులోకి దిగకుండా కాపాడటమూ అవసరమైంది.

పెట్టె మీద చూడాల్సింది

గోడ పలకలు చౌకగా వస్తున్నాయని నేలకు వేయడం పొరపాటు. సాధారణ గోడ పలక తన బరువులో 10 శాతానికి పైగా నీటిని పీల్చుకుంటుంది. నిండు బకెట్ జారిపడితే పగులుతుంది. విట్రిఫైడ్ పలకలో ఈ పీల్పు 0.5 శాతానికి మించదు. అయితే నీరు పీల్చనంత మాత్రాన జారదని కాదు. కొన్ని కంపెనీలు పలక పట్టును ఆర్9 నుంచి ఆర్13 వరకు అంకెలతో సూచిస్తాయి. అంకె పెరిగే కొద్దీ పట్టు ఎక్కువ. ఇళ్లలోని స్నానాల గదులకు ఆర్10 లేదా ఆర్11 సరిపోతుంది. అంతకన్నా గరుకైతే మురికి పట్టి, తోమడం కష్టమవుతుంది. ముద్ర లేకుంటే పలకపై కాసిన్ని నీళ్లు పోయించి, వట్టి కాలితో రుద్ది చూడవచ్చు. దుకాణదారు నవ్వినా ఫర్వాలేదు.

పరిమాణమూ ముఖ్యమే. 2 అడుగుల పలకలతో నాలుగు వైపుల నుంచి వాలు కుదర్చడం కష్టం. అడుగు పలకలైతే వాలు సులువుగా కుదురుతుంది, సందులు ఎక్కువై కాలికి పట్టు దొరుకుతుంది.

నాపరాయికి యాసిడ్ గండం

బేతంచెర్ల, తాండూరు, కడప బండలు వేసుకునేవారు పాలిష్ చేయని రాయి ఎంచుకుంటే పట్టుకు లోటుండదు. ఇవన్నీ సున్నపురాయి జాతివి. బోరు నీటి తెల్లమరకలు పోవడానికి యాసిడ్ పోస్తే మరకతో పాటు రాయి కూడా కరుగుతుంది. మూలన ఒక నిమ్మరసపు చుక్క వేస్తే సన్నని నురగ రావడం గమనించవచ్చు. యాసిడ్ పలకల మధ్య సిమెంటునూ తినేస్తుంది. దాన్ని బ్లీచింగ్ పొడితో కలిపితే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది.

అసలు రక్షణ అడుగునే

ఎంత ఖరీదైన పలకైనా నీటిని పూర్తిగా ఆపలేదు. సందుల గుండా తేమ దిగుతూనే ఉంటుంది. దాన్ని ఆపేది పలక కింద పూసే వాటర్‌ప్రూఫింగ్ పొర మాత్రమే. ఈ పొరను నేలకే పరిమితం చేయక గోడల పైకి కనీసం అడుగు ఎత్తు వరకు, షవర్ ఉన్న వైపు 6 అడుగుల వరకు పూయించాలి. మూలలు, గొట్టాలు దిగే రంధ్రాల దగ్గరే కారడం మొదలవుతుంది కనుక అక్కడ యజమాని దగ్గరుండి చూసుకోవాలి. పొర ఆరాక గొట్టం మూసి, నీరు నింపి 24 నుంచి 48 గంటలు ఉంచాలి. కింది పైకప్పున చెమ్మ కనిపించకుంటేనే పలకలు వేయించాలి. తొందరలో ఈ పరీక్ష మానేస్తే, కొన్నేళ్లకు శ్లాబు ఇనుము తుప్పుపట్టి పెచ్చులు రాలతాయి. అప్పుడు నేలంతా తవ్వాల్సిందే.

వాలు 4 అడుగులకు అంగుళం చొప్పున నీరు పోయే రంధ్రం వైపు ఉండాలి. అంతకన్నా తక్కువైతే నీరు నిలిచి పాచి పడుతుంది.

పాత ఇంట్లో నేల మార్చే వీలులేనివారు రబ్బరు చాప వేసుకోవచ్చు. పీల్చి పట్టే చాపలు నున్నని నేలపైనే నిలుస్తాయి, గరుకు పలకపై జారిపోతాయి. ఏ చాపనైనా రోజూ ఎత్తి ఆరబెట్టకపోతే కింద జిగురు పేరుకుంటుంది. వృద్ధులున్న ఇంట గోడకు పట్టుకడ్డీ బిగించడం అవసరం. తువ్వాళ్లు వేసుకునే కడ్డీ మనిషి బరువుకు ఊడివస్తుంది.