చప్పట్ల తర్వాత సంగతి

చిలకలూరిపేటలో గానివ్వండి, ఒంగోలులో గానివ్వండి, న్యాయ విజ్ఞాన సదస్సు ఎలా జరుగుతుందో మీలో చాలామంది చూసే ఉంటారు. షామియానా, నాలుగు వరుసల కుర్చీలు, వేదిక మీద జడ్జిగారు, ఇద్దరు ముగ్గురు ప్లీడర్లు. గంటన్నరలో వరకట్నం, భరణం, ఆస్తిహక్కు, గృహహింస అన్నీ చెప్పేస్తారు. మనం చప్పట్లు కొడతాం. టీ తాగుతాం. "ఎంత బాగా చెప్పారండీ" అనుకుంటూ ఇల్లు చేరుతాం. పొయ్యి మీద పాలు కాగేలోగా విన్నదాంట్లో సగం ఆవిరైపోతుంది.

ఇందులో చెప్పినవారి తప్పు లేదు, విన్నవారి తప్పూ లేదు. ఆవకాయ కలిపిన రోజునే జాడీ మూసేసి మరిచిపోతామా? మూడోనాడు తీసి తిరగకలుపుతాం. ఉప్పు చాలిందో లేదో ముక్క నోట్లో వేసుకుని చూస్తాం. తగ్గితే అప్పుడే సర్దుతాం. సదస్సుకూ అలాంటి తిరగకలపడం ఒకటి ఉండాలి. విన్నవాళ్ళకి ఏం అర్థమైందో అడిగి తెలుసుకోవడం, మిగిలిన సందేహాలకు జవాబులు తెప్పించడం, నెల తర్వాత మళ్ళీ కలిసి "ఏమైందమ్మా?" అని విచారించడం. ఈ పని సదస్సు పెట్టినవాళ్ళదే కాదు, మహిళామండలి నడిపే మీదీనూ.

ఎందుకింత పట్టుబట్టి చెబుతున్నానంటే, చట్టం విషయంలో సగం తెలియడం ఒక్కోసారి అసలు తెలియకపోవడం కన్నా ప్రమాదం. సదస్సు నుంచి ఇంటికి వెళ్ళే పొరపాటు మాటలు ఎలా ఉంటాయో చూడండి.

"ఉచిత న్యాయసహాయం తెల్లకార్డు ఉన్నవాళ్ళకేనట" అని ఒకావిడ అనుకుంటుంది. కాదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆ సహాయం పొందే అర్హత ఉంది. మేడలో ఉన్నా, పూరిపాకలో ఉన్నా ఒకటే.

"లోక్ అదాలత్‌లో రాజీపడదాం, నచ్చకపోతే పైకోర్టుకి వెళ్ళొచ్చులే" అని మరొకావిడ ధీమా. అదీ కాదు. అక్కడ ఇరుపక్షాలూ ఒప్పుకుని పొందిన అవార్డు మీద అప్పీలు లేదు. అంచేత సంతకం పెట్టకముందే ఒకటికి రెండుసార్లు చదివించుకోవాలి.

ఇక మన పత్తి, మిరప పొలాల ప్రాంతంలో అన్నిటికంటే ఎక్కువగా వినిపించే మాట పసుపు కుంకుమలది. "పెళ్ళినాడు మా నాన్నగారు పసుపు కుంకుమ కింద ఎకరం ఇస్తున్నట్టు తెల్లకాగితం మీద రాసిచ్చారు. ఆడపిల్లకి ఆస్తిహక్కు ఉందని సభలో చెప్పారుగా, ఇంకేం భయం?" అంటారు. ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షను ప్రకారం భూమి దానంగా ఇవ్వాలంటే ఇద్దరు సాక్షుల సంతకాలతో దస్తావేజు రాసి రిజిస్టరు చేయించాలి. తెల్లకాగితాన్ని నమ్ముకుని కూర్చుంటే, తండ్రి కాలం చేశాక అన్నదమ్ముల ముందు ఆ తల్లి చిక్కులో పడుతుంది. ఈ సందేహం సదస్సు రోజునే బయటపడి ఉంటే, తండ్రి బతికుండగానే సరిచేసుకునే వీలు ఉండేది గదా!

ఇంకో సంగతి. ఆరోజు సరిగ్గా విన్నా, తర్వాత చట్టం మారవచ్చు. కూతుళ్ళ వాటా విషయమే తీసుకోండి. మన రాష్ట్రం 1986లో చేసిన సవరణ చట్టం ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమలు. కానీ ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతురికి వర్తించదు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర సవరణ వచ్చింది. పెళ్ళి షరతు పోయింది. 2015లో సుప్రీంకోర్టు, ఆ తేదీకి తండ్రి బతికి ఉంటేనే అంది. 2020 ఆగస్టు 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఇది పుట్టుకతో వచ్చే హక్కు గనుక ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని తేల్చింది.

చూశారా? 1990లో సభకు వెళ్ళినావిడ ఒకటి విన్నది. 2006లో వెళ్ళినావిడ మరొకటి, 2016లో వెళ్ళినావిడ ఇంకొకటి. ముగ్గురూ విన్నది నిజమే. కానీ మొదటావిడకు "నీకు పెళ్ళయిపోయింది, నీకేమీ రాదు" అన్నమాటే ఇప్పటికీ మనసులో నిలిచిపోయింది. మళ్ళీ వెళ్ళి ఆమె తలుపు తట్టినవాళ్ళు లేరు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో పూర్తయిన పంపకాలను మాత్రం ఇప్పుడు తిరగదోడడానికి లేదు. తండ్రి స్వార్జితాన్ని ఆయన తన ఇష్టం వచ్చినవారికి వీలునామా రాసుకోవచ్చు. ఈ మినహాయింపులు కూడా తెలిస్తేనే తెలిసినట్టు.

విన్నవాళ్ళను తిరిగి అడగడం కొత్త ఆలోచన కాదు. కెనడాలో 1941 నుంచి రైతులు ఇరుగుపొరుగువారితో కలిసి రేడియో వినేవారు, చర్చించుకునేవారు, తమ అభిప్రాయాలను తిరిగి రాసి పంపేవారు. 1956లో ఆకాశవాణి యునెస్కో తోడ్పాటుతో పుణె చుట్టుపట్ల దాదాపు 150 గ్రామాల్లో అదే పద్ధతిని పరీక్షించింది. ప్రసంగం వినడం, మాట్లాడుకోవడం, ప్రశ్నలు స్టేషనుకు పంపడం, వాటికి రేడియోలో జవాబులు రావడం. ఊరికే విన్న గ్రామాల్లో కంటే కూడబలుక్కుని విన్న గ్రామాల్లో విషయం బాగా పట్టుబడిందని తేలింది.

అంతదూరం ఎందుకు? మన నెల్లూరు జిల్లాలో 1991 ప్రాంతంలో అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు వాచకంలో సారా వల్ల చితికిన సంసారం గురించి ఓ పాఠం ఉండేది. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం వల్లెవేసి ఊరుకోలేదు. "ఇది మన ఊరి కథే, మరి మనమేం చేద్దాం?" అని తర్కించుకున్నారు. రోశమ్మగారు, ఆమె తోటివారు ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. అది జిల్లా అంతా, రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. పాఠాన్ని మార్చేసింది పాఠం తర్వాత జరిగిన మాటే నన్నమాట.

సరే, మనం చేయవలసిందేమిటి? పెద్ద ఖర్చులేని పని.

మొదటిది, సదస్సు చివర "ఎవరికైనా సందేహాలా?" అని మైకులో అడిగి వదిలేయవద్దు. అత్తాకోడళ్ళు పక్కపక్కనే కూర్చుని ఉంటారు. గృహహింస గురించి ఏ కోడలు లేచి అడుగుతుంది చెప్పండి? దానికి బదులు వచ్చినవారందరికీ ఒక్కొక్క చీటీ ఇవ్వండి. పేరు అక్కర్లేదు. రాసేది లేకపోయినా ఖాళీ చీటీ మడిచి డబ్బాలో వేయాలని నియమం పెట్టండి. అప్పుడు రాసిందెవరో, రాయనిదెవరో పక్కవాళ్ళకి తెలియదు. రాయడం రానివారి కోసం పక్కగదిలో నమ్మకమైన అమ్మాయినొకదాన్ని కూర్చోబెట్టండి.

రెండోది, "బాగుందా?" అని అడగకండి. బాగుందనే అంటారు. "ఏం అర్థమైంది? ఏం అర్థం కాలేదు? రేపు మీకే అవసరం వస్తే ముందుగా ఎక్కడికి వెళతారు?" ఈ మూడే అడగండి. వీలైతే చిన్న కథ ఒకటి చెప్పి చేతులెత్తమనండి. "తండ్రి తన సంపాదనతో కట్టిన ఇల్లు కొడుకు పేర వీలునామా రాశాడు. కూతురు వాటా అడగవచ్చా?" అని. సగంమంది తప్పు చెబితే ఆ పాఠం మళ్ళీ చెప్పించాలని గుర్తు. ఇది కూడా మన ఆవకాయ ముక్క రుచి చూడటం లాంటిదే.

మూడోది, చీటీలను మూడు కుప్పలు చేయండి. అందరికీ పనికొచ్చే సందేహాలు ఒక కుప్ప. వాటి జవాబులు ప్లీడరు గారి దగ్గర తెప్పించి తర్వాతి సమావేశంలో చదవండి. ఒకరి సొంత వ్యవహారానికి సంబంధించినవి రెండో కుప్ప. వారిని మండల న్యాయసేవాధికార కమిటీకి పంపాలి, లేదా 15100 నంబరుకు ఫోను చేయమనాలి. పేర్లుండవు గనుక, ఫలానా రోజు ఫలానా వేళ అక్కడికి తోడు వస్తామని అందరికీ కలిపి ప్రకటిస్తే, కావలసినవారు వాళ్ళే వస్తారు. దెబ్బలు, ప్రాణభయం ఉన్నవి మూడో కుప్ప. వీటికి నెల ఆగకూడదు. అందుకే చీటీలు ఆ సాయంత్రమే, అందరూ లేవకముందే చూడాలి. మహిళలకు 181, పోలీసుకు 112 నంబర్లు మైకులో రెండుసార్లు చెప్పించి, చీటీ వెనక కూడా రాయించి ఇళ్ళకు పంపండి.

ఒక్క జాగ్రత్త. సొంత సంగతులున్న చీటీని ఎప్పుడూ బయటికి చదవకండి. మన పేట లాంటి ఊళ్ళో చేతిరాతను బట్టి, మాటతీరును బట్టి మనిషిని పట్టేస్తారు. విషయం తీసుకుని ఆనవాళ్ళు మార్చి చెప్పండి. చూశాక చీటీలు చించేయండి. నమ్మకం ఒకసారి పోయిందంటే రెండో సదస్సుకు కుర్చీలే వస్తాయి, మనుషులు రారు.

నాలుగోది, చెప్పినవారికీ రెండు ముక్కలు ఉత్తరం రాయండి. "మీరు 'ఇంజంక్షన్' అన్నప్పుడు మాలో చాలామంది సూదిమందు అనుకున్నారండీ" అని రాస్తే ఏ ప్లీడరు గారూ కోప్పడరు. మరోసారి "అవతలివారు ఫలానా పని చేయకుండా కోర్టు ఇచ్చే ఉత్తర్వు" అని విడమరిచి చెబుతారు.

ఐదోది, నెల తిరిగేసరికి మళ్ళీ కలవండి. న్యాయసేవల చట్టం 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చింది గనుక ఏటా ఆ రోజున సదస్సులు పెడుతుంటారు. మన వైపు రెండో సమావేశం డిసెంబరులోనే పెట్టుకోవడం మేలు. సంక్రాంతి దాటితే మిరప కోతలు, తొడిమలు తీసే పనులు. మీ వీధి చివరి కాలనీల ఆడవాళ్ళకు తీరిక ఉండదు. వాళ్ళు లేని సమావేశం సగం సమావేశమే. ఆరోజు అడగవలసింది ఒక్కటే: "వెళ్ళారా? వెళితే ఏమన్నారు? వెళ్ళకపోతే ఏం అడ్డొచ్చింది?" బస్సు చార్జీ లేకనో, తోడు లేకనో, కాగితాలు దొరకకనో ఆగిపోయి ఉంటారు. అప్పుడు చట్టం చెప్పడం కన్నా తోడు వెళ్ళడం ముఖ్యం.

ఇదంతా ఒక నోటుపుస్తకంలో పేర్లు లేకుండా తేదీవారీగా రాసి ఉంచండి. ఏడాదికోసారి దాన్ని తెలిసినవారిచేత సరిచూపించండి. పాత పుస్తకంలో కలెక్టరాఫీసు గుంటూరు అని ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో చిలకలూరిపేట పల్నాడు జిల్లాలో చేరాక అది నరసరావుపేట. పాత పుస్తకంలో 498ఎ అని ఉంటుంది. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకు అది భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను. భరణానికి 125 అని ఉంటుంది. ఇప్పుడది నాగరిక్ సురక్షా సంహితలో 144.

మీ వీధిలో ఇదివరకు ఎప్పుడో సదస్సు జరిగే ఉంటుంది. ఈ వారమే ఆ రోజు వచ్చినవాళ్ళలో నలుగురిని పిలిచి, కూతురి వాటా గురించి ఏం గుర్తుందో అడగండి. వచ్చే సదస్సులో ఏం చెప్పించాలో వాళ్ళ జవాబులే మీకు చెబుతాయి.